డెస్క్‌టాప్‌ను ‘ఫ్యాక్టరీ సెట్టింగ్స్’కు తీసుకెళ్లడం అంటే అసలు ఏమిటి?

మునిగుడ నుంచి రైల్లో, తువ్వాలు చుట్టి ఒడిలో పెట్టుకుని తెచ్చిన సీపీయూ డబ్బాను ఒక పెద్దాయన ఈమధ్య నా బల్ల మీద దించారు. “మా మనవడి ఫోను మొరాయిస్తే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాడు బాబూ, పావుగంటలో కొత్తదానిలా అయిపోయింది. దీనికీ అదే కొట్టేయండి” అన్నారు. రాయగడలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికే నేను ఈ మాటను తెలుగులోనూ ఒడియాలోనూ వారానికి రెండు మూడు సార్లు వింటాను. అడిగేవారి తప్పేమీ లేదు; ఫోను నేర్పిన మాట అది. అయితే ఫోనులో ఆ మాటకు ఉన్న అర్థం డెస్క్‌టాప్‌లో లేదు. ఇక్కడ అదే పేరుతో మూడు వేరువేరు పనులు చలామణీ అవుతున్నాయి. ఒకటి చేయబోయి మరొకటి చేస్తే పదేళ్ల కష్టం ఒక్క పూటలో పోతుంది గనుక, ఆ మూడింటినీ విడదీసి చెప్పడం అవసరమని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ఫోనును మొదటి నుంచి చివరి దాకా ఒకే కంపెనీ అమర్చుతుంది. అందులో వ్యవస్థను నడిపే భాగం ఒక గదిలో తాళం వేసి ఉంటుంది, మన ఫోటోలూ యాప్‌లూ మరో గదిలో ఉంటాయి. రీసెట్ కొడితే రెండో గది ఊడ్చి శుభ్రమవుతుందే తప్ప మొదటి గది జోలికి ఎవరూ పోరు. అందుకే పని అంత త్వరగా ముగుస్తుంది. మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఊళ్లలోని డెస్క్‌టాప్‌లలో చాలా భాగం అసెంబుల్డ్ యంత్రాలు. వాటిలో మదర్‌బోర్డు ఒక కంపెనీది, ప్రాసెసర్ ఇంకొకరిది, హార్డ్ డిస్కు, ర్యామ్, పవర్ సప్లై తలా ఒకరివి. వీటన్నిటినీ ఒకచోట బిగించి బయటికి పంపిన ఫ్యాక్టరీ అంటూ ఏదీ లేదు. బరంపురంలోనో విజయనగరంలోనో దుకాణదారు విండోస్ ఎక్కించి, స్పీకర్లలో ఒక పాట వినిపించి చేతికిచ్చిన సాయంత్రమే దాని పుట్టినరోజు. ఆ సాయంత్రపు స్థితిని ఎవరూ ఎక్కడా దాచిపెట్టలేదు గనుక అక్కడికి తిరిగి వెళ్లే దారి కూడా ఎవరూ వేసి ఉంచలేదు.

మూడు పనుల్లో అన్నిటికన్నా చిన్నది బయాస్‌ను తొలి అమరికకు తేవడం. మీట నొక్కగానే విండోస్ కన్నా ముందు నిద్రలేచి, ఏ డిస్కు నుంచి వ్యవస్థను లేపాలో చూసుకునే చిన్న ప్రోగ్రామే బయాస్. కొత్త యంత్రాలలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. దాని మెనూలో ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ వంటి పేరుతో ఒక అంశం కనబడుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీని కాసేపు తీసి పెట్టినా చాలా యంత్రాలలో దాదాపు ఇదే జరుగుతుంది. ఇంటర్నెట్ వీడియోలు చూసి ఆ బ్యాటరీ ఊడదీసి, కంప్యూటర్ మొత్తం కొత్తదైపోయిందని నమ్మినవారు నాకు తెలుసు. అక్కడ కొత్తదయ్యేది బయాస్ అమరిక ఒక్కటే. డిస్కులోని ఒక్క ఫైలు కూడా చెరగదు, ఒక్క వైరస్ కూడా పోదు. పైగా ఒక చిక్కు వచ్చిపడవచ్చు. డిస్కుతో మాట్లాడే పద్ధతి బయాస్‌లో ఏహెచ్‌సీఐ నుంచి మరొకదానికి మారితే, అంతవరకు బాగానే ఉన్న విండోస్ నీలిరంగు తెర చూపించి ఆగిపోతుంది. అటువంటప్పుడు విండోస్ పాడైందనుకుని మళ్లీ ఎక్కించనక్కరలేదు, బయాస్‌లో ఆ ఒక్క అంశాన్ని పాత పద్ధతికి మారిస్తే చాలు. తేదీ వెనక్కి పోయినా బ్రౌజరు సైట్లను తెరవనంటుంది. అది కూడా గడియారం సరిచేస్తే తీరిపోయే ఇబ్బందే.

రెండోది కంపెనీ డెస్క్‌టాప్‌లకు మాత్రమే వర్తిస్తుంది. ఇవి డిస్కులో ఒక మూల కంటికి కనబడని విభాగాన్ని ఉంచుకుని వస్తాయి. ఆన్ చేసేటప్పుడు హెచ్‌పీ యంత్రాలలో ఎఫ్11, ఏసర్ యంత్రాలలో ఆల్ట్‌తో పాటు ఎఫ్10, ఆసుస్ వాటిలో ఎఫ్9 నొక్కితే ఆ విభాగం మేల్కొని, డబ్బా కంపెనీ గేటు దాటిన నాటి స్థితిని తిరిగి పరుస్తుంది. ‘ఫ్యాక్టరీ సెట్టింగ్స్’ అనే మాటకు డెస్క్‌టాప్‌లో నిజంగా తగిన పని ఇదొక్కటే. కానీ కంపెనీ గేటు దాటిన నాడు అంటే ఏ సంవత్సరమో ఆలోచించాలి. 2011లో విండోస్ 7తో కొని, తరువాత విండోస్ 10కు మార్చుకున్న యంత్రంలో ఈ పని చేస్తే మళ్లీ విండోస్ 7 వచ్చి కూర్చుంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2020 జనవరి 14న ఆగిపోయింది, ఈనాటి క్రోమ్ కూడా దాని మీద ఎక్కదు. ఇంకొకటి, పాత యంత్రాలలో కొన్ని ఈ పనిలో డిస్కు మొత్తాన్నీ మళ్లీ విభజిస్తాయి. డీ డ్రైవ్‌లో పెట్టాం కాబట్టి భద్రమనుకున్నదీ దానితో పాటే పోతుంది. హార్డ్ డిస్కును ఎప్పుడైనా మార్పించి ఉంటే ఆ దాపుడు విభాగం పాత డిస్కుతోనే వెళ్లిపోయిందని అర్థం, ఇక ఎఫ్11 ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం ఉండదు.

మూడోది విండోస్ తనంతట తాను చేసుకునే రీసెట్. ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నదీ, ఎక్కువ నష్టం జరుగుతున్నదీ ఇక్కడే. విండోస్ 7లో ఇది లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ‘రీఫ్రెష్’, ‘రీసెట్’ అని రెండు పేర్లతో మొదలై, 2015లో విండోస్ 10 నాటికి ‘రీసెట్ దిస్ పీసీ’ అనే ఒకే చోటికి చేరింది. విండోస్ 10లో సెట్టింగ్స్‌లోని ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’ కింద, విండోస్ 11లో ‘సిస్టమ్’ కింద ‘రికవరీ’ అనే పేజీలో ఇది ఉంటుంది. విండోస్ తెరుచుకుంటూ ఉంటే షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ చేసినా, అసలు తెరుచుకోకపోతే రెండు మూడుసార్లు విఫలమైన తరువాత తనంతట తానే వచ్చే నీలిరంగు మరమ్మతు తెరలోనూ ఇదే కనబడుతుంది.

ఈ రీసెట్ పాత రోజుకు వెనక్కి వెళ్లదు. విండోస్ తన దగ్గరున్న సొంత ఫైళ్లనే ఏరుకుని, ఇప్పుడున్న వెర్షన్‌నే కొత్తగా కట్టుకుంటుంది. పాత ఇంటి ఇటుకలతోనే కొత్త ఇల్లు లేపినట్టు అనుకోవచ్చు. ఇటుకల్లో కొన్ని చెదపట్టి ఉంటే గోడ సగంలో ఆగిపోతుంది, తెర మీద ‘మార్పులేవీ చేయలేదు’ అనే సందేశం వస్తుంది. ఈ ఇబ్బంది కోసమే 2020 మేలో వచ్చిన విండోస్ 10 వెర్షన్‌లో ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ అనే రెండో దారి చేర్చారు. అది పాత ఇటుకలు ముట్టుకోకుండా మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి కొత్తవి దించుకుంటుంది. ఫలితం నమ్మకమైనదే గానీ 4 జీబీ దాకా డేటా లాగుతుంది. ఫోను హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో దీన్ని మొదలుపెట్టకూడదు.

ఆ తరువాత వచ్చే ప్రశ్న దగ్గరే వేలు ఆగాలి. ‘కీప్ మై ఫైల్స్’ నొక్కాలా, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ నొక్కాలా? రెండోది స్పష్టంగానే ఉంది, అన్నీ పోతాయి. మొదటిదానిలో ఉన్న ‘నా ఫైళ్లు’ అనే మాటే మోసం చేస్తుంది. విండోస్ దృష్టిలో నా ఫైళ్లు అంటే డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లలో ఉన్నవి. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’, ‘ప్రోగ్రామ్‌డేటా’, ‘విండోస్’ అనే ఫోల్డర్లలో ఉన్నదంతా, ప్రతి వాడుకరి పేరు కింద దాగి ఉండే ‘యాప్‌డేటా’ ఫోల్డరుతో సహా, కొత్తగా మారిపోతుంది. మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోయి, వాటి పేర్ల జాబితా ఒకటి మాత్రం డెస్క్‌టాప్ మీద మిగులుతుంది. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డులు, బుక్‌మార్కులు యాప్‌డేటాలోనే ఉంటాయి. తెర మీద పసుపు చీటీల్లో రాసుకున్న స్టిక్కీ నోట్స్ కూడా అక్కడే ఉంటాయి. పాత లెక్కల ప్రోగ్రాములు కొన్ని ఖాతాల డేటాను తమ ప్రోగ్రామ్ ఫోల్డరులోనే రాసుకుంటాయి. వ్యాపారి ఫోటోలన్నీ భద్రంగా ఉండి, ఆయన మూడేళ్ల ఖాతాలు మాయమవడానికి కారణం ఇదే. రీసెట్ తరువాత సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అనే ఫోల్డరు ఉంటే పాత యాప్‌డేటాను అందులో వెతకవచ్చు. కానీ విండోస్ దాన్ని సాధారణంగా పది రోజుల్లో తీసేస్తుంది, అందుకని గడువు చూసుకోవాలి.

ఇక మన ఊళ్లకు ప్రత్యేకమైన నష్టం ఒకటుంది. దాని గురించి కంపెనీ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు డీటీపీ సెంటర్లలో ఒకే యంత్రం మీద ఉదయం ఒడియాలో దరఖాస్తు, మధ్యాహ్నం తెలుగులో శుభలేఖ, సాయంత్రం ఇంగ్లిషులో బిల్లు పుస్తకం తయారవుతాయి. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి, పేజీ కట్టడానికి 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 ఇప్పటికీ నడుస్తున్నాయి. చాలా ఏళ్ల క్రితం గుణుపురంలో ఒక సెంటరు వారి కంప్యూటర్ బాగా నెమ్మదించిందంటే నేనే వెళ్లి, ‘కీప్ మై ఫైల్స్’ ఎంచి రీసెట్ చేశాను. ఫైళ్లన్నీ ఉన్నాయి, లెక్కపెట్టి మరీ చూపించాను. పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించి ఒక శుభలేఖ తెరిచేసరికి, ‘చి. ల. సౌ.’ అని ఉండవలసిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలు వరసగా నిలబడి ఉన్నాయి. ముహూర్తం నాలుగు రోజులుంది. ఆ సెంటరు యజమానురాలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తెరవైపు చూసి, “వధువు పేరు ఎక్కడుంది తమ్ముడూ?” అని మాత్రం అడిగారు.

ఆ పేరు అక్కడే ఉంది, పోలేదు. అను, ఆకృతి వంటి పాత ఫాంట్లు, ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ దాని సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో నడిచేవి కావు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గూళ్లలోనే ఇవి తెలుగు, ఒడియా అక్షరాల బొమ్మలను కూర్చోబెడతాయి. ఫైలులో నిజానికి దాచబడేది గూటి సంఖ్య. ఆ గూటిలో తెలుగు బొమ్మ చూపించే పని ఫాంటుది. మనం ఎక్కించిన ఫాంట్లు ఉండేది ‘విండోస్’ ఫోల్డరులో. రీసెట్ ఆ ఫోల్డరును కొత్తది చేసింది గనుక ఫాంటు పోయి, కింద ఉన్న ఇంగ్లిషు గూళ్లు బయటపడ్డాయి. అదే ఫాంటు, అదే వెర్షన్, మళ్లీ పెడితే ప్రతి అక్షరమూ యథాస్థానానికి వస్తుంది. వెర్షన్ మారితే మాత్రం వత్తులు, గుణింతాలు కొన్ని తారుమారవుతాయి. నాకు ఆ ఫాంట్ల సీడీ దొరకడానికి రెండు రోజులు పట్టింది, ముహూర్తానికి కార్డులు అందాయి గానీ ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి డీటీపీ యంత్రం దేనిమీద చేయి వేసినా ముందుగా ‘విండోస్’ లోపలి ‘ఫాంట్స్’ ఫోల్డరును మొత్తంగా పెన్ డ్రైవ్‌లోకి తీసుకుంటాను. పేజ్‌మేకర్, ఫాంట్ల సీడీలు ఉంటే వాటి నకలు కూడా తీయాలి; కొత్త డెస్క్‌టాప్‌లలో సీడీ పెట్టే అరే ఉండడం లేదు.

యూనికోడ్‌లో రాసేవారికి ఇంత ప్రమాదం లేదు. వారికి అక్షరం పోదు, ముఖం మారుతుంది. విండోస్ 10, 11లో తెలుగు, ఒడియా రెండింటినీ చూపించే నిర్మలా ఫాంటు మొదటి నుంచీ ఉంటుంది. గౌతమి, వాణి అనే తెలుగు ఫాంట్లు మాత్రం ఐచ్ఛిక భాగాలుగా బయట ఉన్నాయి. ఒడియా కళింగ ఫాంటుదీ అదే స్థితి. సెట్టింగ్స్‌లోని ‘ఆప్షనల్ ఫీచర్స్’లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే దాన్ని చేర్చుకుంటే గౌతమి తిరిగి వస్తుంది. కీబోర్డును కూడా భాషల పేజీలో మళ్లీ చేర్చుకోవాలి. ఈ సందర్భంగా ఒక్క మాట: భారతీయ భాషలకు ఉమ్మడిగా కుదిర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘క’ తెలుగుకూ ఒడియాకూ ఒకే కీ మీద ఉంటుంది, మిగిలిన అక్షరాలలో చాలా భాగం అంతే. ఒక భాషకు చేయి అలవాటైతే రెండోది దాదాపు ఉచితంగా వస్తుంది. రెండు భాషల మధ్య బతికే మన పిల్లలకు ఇది మొదటే నేర్పితే బాగుంటుందని నా కోరిక.

విండోస్ యాక్టివేషన్ గురించి చాలామంది భయపడతారు, కానీ నిజమైన లైసెన్సు ఉన్నవారికి ఆ భయం అక్కరలేదు. విండోస్ 8 నాటి నుంచి కంపెనీ యంత్రాలలో కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. విండోస్ 10 నుంచి మదర్‌బోర్డు గుర్తును బట్టి డిజిటల్ లైసెన్సు మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటుంది. అదే మదర్‌బోర్డు ఉన్నంతవరకు రీసెట్ తరువాత నెట్ తగిలించగానే యాక్టివేషన్ తిరిగి వస్తుంది. ఆఫీస్ ప్రోగ్రాము సంగతి వేరు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఆఫీస్ ఏదో ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. కొన్న రోజున దుకాణంలో ఎవరి ఈమెయిల్‌తో ఆ ఖాతా తెరిచారో గుర్తులేక ఆఫీస్ పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు. కొత్త విండోస్ 11 యంత్రాలలో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండే అవకాశం కూడా ఉంది. మరమ్మతు తెర 48 అంకెల రికవరీ కీ అడిగినప్పుడు అది ఆ ఖాతాలోనే దొరుకుతుంది. కాబట్టి మరే పని చేయకముందు ఆ ఖాతాలోకి మరొక ఫోను నుంచి ప్రవేశించగలుగుతున్నామో లేదో చూసుకోవాలి.

కరెంటు మాట కూడా చెప్పాలి. పాత హార్డ్ డిస్కు ఉన్న యంత్రంలో రీసెట్ గంటన్నర నుంచి మూడు, నాలుగు గంటలు పడుతుంది. మామూలు యూపీఎస్ నిలిపేది పది, పదిహేను నిమిషాలు, పాతబడితే అదీ లేదు. సగంలో కరెంటు పోతే విండోస్ అటూ ఇటూ కాకుండా ఆగిపోవచ్చు, అప్పుడు పెన్ డ్రైవ్‌తో కొత్తగా ఎక్కించడం తప్ప దారి ఉండదు. అందుకే 8 జీబీ పెన్ డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్‌ను ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం మంచిది. ఆ పెన్ డ్రైవ్ విలువ 2025 అక్టోబరులో బాగా తెలిసింది. ఆ నెల 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తరువాత మరమ్మతు తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయడం మానేశాయి. విండోస్‌లో బాగానే కదిలిన బాణం గుర్తు మరమ్మతు తెరలో బిగుసుకుపోతే, రీసెట్ బటన్ కళ్లెదుటే ఉన్నా నొక్కడం ఎలా? ఆరు రోజుల తరువాత మైక్రోసాఫ్ట్ సవరణ పంపింది. గుండ్రటి పిన్నుతో వచ్చే పాత పీఎస్2 కీబోర్డు ఉన్నవారికి ఆ వారం ఇబ్బంది కలగలేదు.

ఇంత చెప్పిన తరువాత కూడా, నా దగ్గరికి రీసెట్ కోసం వచ్చే యంత్రాలలో సగానికి రీసెట్ అవసరం లేదనే నేను అంటాను. పెన్ డ్రైవ్ నుంచి వచ్చిన షార్ట్‌కట్ వైరస్‌కు సీ డ్రైవ్ ఊడ్చి, డీ డ్రైవ్‌నూ ఆ పెన్ డ్రైవ్‌నూ అలాగే వదిలేస్తే వారం తిరగకుండా తిరిగి వస్తుంది. డబ్బు గుంజడానికి రాన్సమ్‌వేర్ అనే వైరస్ తాళం వేసిన ఫైళ్లు రీసెట్‌తో తెరుచుకోవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత గజపతి, రాయగడ జిల్లాల పల్లెల నుంచి తడిసిన డబ్బాలు వచ్చినప్పుడు కూడా కొందరు రీసెట్టే అడిగారు; నీరు దిగిన బోర్డుకు సాఫ్ట్‌వేర్ మందు కాదు. నెమ్మదించడానికి అసలు కారణం చాలాసార్లు అరిగిపోయిన హార్డ్ డిస్కు. అటువంటి డిస్కు మీద రీసెట్ నడిపితే గంటల తరబడి చదవడం, రాయడంతో ఉన్న ఊపిరి కూడా పోతుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామును ముందుగా ఒకసారి నడపడానికి రెండు నిమిషాలు చాలు.

అమ్మేయడానికో, బంధువులకు ఇవ్వడానికో రీసెట్ చేసేవారు మాత్రం ‘రిమూవ్ ఎవ్రీథింగ్’తో ఆగకూడదు. మామూలుగా అది ఫైళ్ల చిరునామాలను తీసేస్తుందే తప్ప డిస్కులో రాసి ఉన్నదాన్ని చెరపదు, రికవరీ ప్రోగ్రాములతో తిరిగి లేపవచ్చు. ‘ఛేంజ్ సెట్టింగ్స్’ లోపల ‘క్లీన్ డేటా’ అనేదాన్ని ఆన్ చేసి, అన్ని డ్రైవ్‌లనూ ఎంచితే అప్పుడు చెరుపుతుంది. డీటీపీ సెంటరు డిస్కులో మన ఒక్కరివే కాదు, ఊరందరి ఆధార్ నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు ఉంటాయి. అవి పరాయి చేతికి పోకుండా చూడడం యజమాని బాధ్యత అని నేను గట్టిగా అనుకుంటున్నాను, ఎన్ని గంటలు పట్టినా సరే.

మునిగుడ పెద్దాయన డిస్కును క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో చూపించింది. చదవలేని చోట్లు అప్పటికే పెరుగుతున్నాయి. రీసెట్ చేయలేదు. ఫాంట్లు, ఖాతాలు, ఫోటోలు, ఒక్కో ఫోల్డరుగా ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కులోకి దించుకునేసరికి రాత్రి పదయింది; విండోస్ దాని మీద కొత్తగా ఎక్కింది. మనవడి బారసాల ఫోటోల ఫోల్డరులో పదకొండు మాత్రం తెరుచుకోలేదు. పాత డిస్కును కవరులో పెట్టి, మీద ఆ ఫోల్డరు పేరు రాసి, ఇంక దీన్ని ఎక్కడా తగిలించవద్దని చెప్పి ఆయన చేతికిచ్చాను.